కించిత్తు డిమర్ కూడా లేకుండా

బ్యాంకు గ్యారంటీ పత్రాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివినవాళ్లు తెలుగునాట ఎంతమంది ఉన్నారో గానీ, చదవకుండా దానికోసం డిపాజిట్ కట్టిన కాంట్రాక్టర్లు మాత్రం ప్రతి మండలంలోనూ కనిపిస్తారు. కాంట్రాక్టరు మాట తప్పితే ఆ సొమ్ము మేం కడతామని సర్కారు శాఖకి బ్యాంకు రాసిచ్చే హామీ అది. రోడ్డు పని దక్కాలన్నా, చెరువులో పూడిక తీయాలన్నా ఆ కాగితం ఉండాల్సిందే. అందులో ఓ వాక్యం ఉంటుంది. శాఖవారు అడిగిన మరుక్షణం, 'వితౌట్ ఎనీ డిమర్', అంటే ఏ అభ్యంతరమూ చెప్పకుండా, బ్యాంకు సొమ్ము చెల్లిస్తుందని. తప్పెవరిది, కాంట్రాక్టరు ఏమంటున్నాడు లాంటి ప్రశ్నలు బ్యాంకు అడగకూడదు. కనీసం గొణగకూడదు. కోర్టుకెక్కినా, ఘోరమైన మోసమో పూడ్చలేని నష్టమో ఉందని తేలితే తప్ప మామూలుగా చెల్లింపు ఆగదు.

మన దేశంలో డిమర్ అనే ఇంగ్లిష్ మాట బతుకుతున్నది దాదాపు ఆ వాక్యంలోనే. అదీ 'లేకుండా' అన్న మాట చంకలో కూర్చుని. అభ్యంతరం చెప్పడానికి పుట్టిన మాటని అభ్యంతరం లేదని రాసివ్వడానికే వాడుకుంటున్న జాతిని భాషాశాస్త్రవేత్తలు ఇంతవరకు పట్టించుకోకపోవడం విచారకరం. ఆ లోటు తీర్చే బాధ్యతను ఈ వ్యాసకర్త, ఎవరూ అడగకపోయినా, నెత్తికెత్తుకుంటున్నాడు.

అభ్యంతరాల్లో తరగతులుంటాయి. సినిమా కోర్టులో నల్లకోటు లేచి బల్ల గుద్దితే అది అబ్జెక్షన్. కలెక్టరేట్ ముందు టెంటు వేస్తే ప్రొటెస్ట్. డిమర్‌కి ఇంత హడావిడి గిట్టదు. గొంతు సవరించుకుని, కళ్లజోడు తుడుచుకుని, "అంతేనంటారా?" అని ఊరుకుంటుంది. మన పెళ్లిచూపుల్లో మగపెళ్లివారు ఈ విద్యలో ఆరితేరినవారు. "అమ్మాయి నచ్చిందండీ. మాకే అభ్యంతరమూ లేదు. కాకపోతే..." అని ఆగుతారు. ఆ కాకపోతే వెనకాల ఎన్ని సెంట్ల స్థలం ఉందో ఆడపిల్ల తండ్రి కనుక్కోవాలి.

ఇక పుట్టుపూర్వోత్తరాలు. లాటిన్‌లో 'మోరా' అంటే ఆలస్యం. అక్కడి నుంచి 'డెమొరారీ', అది ఫ్రెంచ్ వాళ్ల నోట నలిగి ఇంగ్లండ్ చేరింది. మొదట్లో దాని అర్థం ఆగడం, ఉండిపోవడం, జాగు చేయడం. తరవాత తటపటాయించడం. అభ్యంతరం చెప్పడం అన్న అర్థం 17వ శతాబ్దంలో గానీ స్థిరపడలేదు. అంటే ఆలస్యం చేయడం ఒకరకంగా కాదనడమేనని ఇంగ్లిష్ వాళ్లకి అర్థం కావడానికి కొన్ని వందల ఏళ్లు పట్టింది. మన ఆఫీసుల్లో కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటుకి ఇది ప్రొబేషన్‌లోనే తెలిసిపోతుంది. ఫైలు మీద వద్దని రాస్తే కారణం చెప్పాలి. కొర్రీ వేస్తే చాలు, కారణం అవతలివాడు వెతుక్కుంటాడు.

ఈ మోరా వంశానికి చెందినదే మారటోరియం, అంటే అప్పు వాయిదాలు కట్టడానికి ఇచ్చే విరామం. 2020 మార్చిలో రిజర్వ్ బ్యాంకు ప్రకటించి, ఆగస్టు చివరిదాకా పొడిగించింది గుర్తుందిగా. వాయిదాలు ఆగాయి, వడ్డీ ఆగలేదు. 'డిమ్యూర్' కూడా ఇదే ఇంటిదంటారు కొందరు. కాదు, పండిన, పరిణతి చెందిన అనే అర్థమున్న ఫ్రెంచ్ మాటకి చుట్టమంటారు ఇంకొందరు. డిమ్యూర్ అంటే అణకువగా ఉండటం. 2024లో సోషల్ మీడియాలో అది మోగిపోయి, డిక్షనరీ డాట్ కామ్ ఆ ఏటి మాటగా ఎంచుకుంది. మన అత్తగార్లు మాత్రం ఏ నిఘంటువూ చూడకుండానే ఎప్పుడో తేల్చేశారు: డిమర్ చేయని కోడలే డిమ్యూర్.

అసలు రుచి 'డెమరర్'లో ఉంది. ఇది పాత ఇంగ్లిష్ న్యాయశాస్త్రపు ఆయుధం. పక్కింటివాళ్లు మీ గుమ్మంలోకి వచ్చి, "మీవాడు మా కిటికీ అద్దం పగలగొట్టాడు" అన్నారనుకోండి. "మావాడు అసలు ఊళ్లోనే లేడు" అంటే అది ఖండన. "పగలగొట్టాడే అనుకుందాం పిన్నిగారూ, అయితే ఏంటట?" అంటే అది డెమరర్. మీరు చెప్పిందంతా నిజమని ఒప్పుకున్నా, చట్టప్రకారం నేను జవాబు చెప్పాల్సిన పని లేదని వాదించడం. ఇంగ్లండ్ 1883 నాటి కోర్టు నియమాలతో దీన్ని ఎత్తేసింది. అమెరికా ఫెడరల్ కోర్టులు 1938లో సాగనంపాయి. కాలిఫోర్నియాలో ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ స్థిరపడిన మనవాళ్లకి ఆ వాతావరణం పడటానికి ఐటీ ఉద్యోగాలు, ఎండ కాక ఇది కూడా కారణమేమో ఎవరైనా పరిశోధించాలి. "కాలువ మీద గోడ కట్టారు" అంటే "కట్టాం, అయితే ఏంటి?" అనే జనం మధ్య పెరిగినవాళ్లకి ఆ కోర్టు సొంతూరులా ఉంటుంది మరి.

ఇదే వంశంలో బాగా సంపాదించినవాడు డెమరేజ్. విశాఖలోనో కాకినాడలోనో రేవు పనులు చేసేవాళ్లని అడిగితే చెబుతారు. ఓడలో సరుకు ఎక్కించడానికో దించడానికో ఒప్పందంలో ఇంత సమయమని ఉంటుంది. అది దాటితే ఓడ యజమానికి రోజుకింత కట్టాలి. రైల్వేవాళ్లయితే వ్యాగన్‌కి గంటకింత అంటారు. ఓడల వ్యాపారంలో ఇంకో సూత్రముంది: ఒకసారి డెమరేజ్ మొదలైతే ఇక ఆగదు. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప ఆదివారమూ లెక్కే, పండగా లెక్కే, వానపడి పని ఆగినా లెక్కే. అదే గడువుకన్నా ముందే పని ముగిస్తే ఓడ యజమానే తిరిగి కొంత ఇస్తాడు, సాధారణంగా డెమరేజ్ రేటులో సగం. దాన్ని డిస్పాచ్ మనీ అంటారు.

ఈ డిస్పాచ్ మనీ పద్ధతి మన కొన్ని ఆఫీసుల్లో ఎప్పటి నుంచో అమల్లో ఉన్నదే. కాకపోతే పని కాకముందే ఇవ్వాలి. ఇచ్చేది కూడా మనమే. రానిది డెమరేజ్ ఒక్కటే. అందుకని ఈ వ్యాసకర్త ప్రతిపాదన ఇది: ప్రతి ఫైలునీ ఓ ఓడగా గుర్తించాలి. బల్ల మీద లంగరు వేసిన రోజు నుంచి గడువు లెక్కపెట్టాలి. దాటితే బల్ల యజమాని దరఖాస్తుదారుడికి రోజుకింత కట్టాలి. ఆదివారాలు, రెండో శనివారాలు, సంక్రాంతి, సార్ క్యాంపులో ఉన్న రోజులు అన్నీ లెక్కలోకి రావాలి. సార్ భోజనానికి వెళ్లిన సమయం మాత్రం మానవతా దృష్టితో మినహాయించవచ్చు, అది నాలుగింటిలోపు ముగిస్తే.

ఇలాంటిది మన చట్టంలో లేనేలేదని అనుకోకండి. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. దరఖాస్తుకి 30 రోజుల్లో జవాబివ్వాలి. సరైన కారణం లేకుండా జాగు చేస్తే సంబంధిత అధికారికి రోజుకి 250 రూపాయల జరిమానా. అచ్చమైన డెమరేజ్. డబ్బు అడిగినవాడి జేబులోకి రాదు, సర్కారు ఖాతాకి పోతుంది, అయినా సంతోషమే. ఓడల సూత్రం మాత్రం ఇక్కడ చెల్లదు. జరిమానా మొత్తం 25,000 దాటకూడదని చట్టమే కట్టుదిట్టం చేసింది. 250 పెట్టి భాగించండి. సరిగ్గా 100 రోజులు. 101వ రోజు నుంచి ఆలస్యం పూర్తిగా ఉచితం.

పోనీ ఆ 100 రోజులకైనా జరిమానా వేయాల్సింది సమాచార కమిషన్. అక్కడిదాకా మామూలుగా వెళ్లే దారిలో రెండు అప్పీళ్లు. మొదటిది 30 రోజుల్లో, మహా అయితే 45 రోజుల్లో తేల్చాలని చట్టం చెప్పింది. రెండోది కమిషన్ ఎన్ని రోజుల్లో తేల్చాలో చెప్పడం మాత్రం మానేసింది.