కీళ్ల పాఠం: పటం వస్తే కదలిక తెలిసినట్టేనా?

(అనంతపురం జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో అస్థిపంజరం పాఠానికి ప్రశ్నపత్రం తయారవుతోంది.)

ప్రధానోపాధ్యాయుడు: పటం చూసి భాగాలు గుర్తించమనడంలో తప్పేముందమ్మా? ఎముకల పేర్లు, కీళ్ల రకాలు వచ్చినవాడికి పాఠం వచ్చినట్టే కదా.

ఉపాధ్యాయిని: పటం వచ్చినట్టు సార్, కదలిక తెలిసినట్టు కాదు. మోచేతిది మడతబందు కీలని తప్పులేకుండా రాసిన పిల్లలే, మడిచిన చేయి తిరిగి ఎలా చాపుకుంటుందని అడిగితే, మడిచిన కండరమే వెనక్కి నెడుతుందంటున్నారు. కండరానికి లాగడమే చేతనవును, నెట్టడం చేతకాదు. అందుకే ముందువైపున్న ద్విశిర కండరం సంకోచించి ముంజేతిని మడిస్తే, చాపడానికి వెనుకనున్న త్రిశిర కండరం సంకోచించవలసి వస్తుంది. ఎముకల పేర్లు అడిగినంత మాత్రాన ఈ అవగాహన ఉందో లేదో బయటపడదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మను చూపించి, "ఈ బొమ్మ చేతిని ఒక్క పుల్లే ఎత్తుతుంది, దించుతుంది, మీ చేతికి రెండు కండరాలెందుకు?" అని అడిగి చూడండి. పుల్లతో నెట్టవచ్చు, లాగవచ్చు, కండరం మాత్రం లాగుతుందంతే అని రాసిన బిడ్డకు, పేర్లు తడబడినా సరే, పాఠం అందిందంటాను.

ప్రధానోపాధ్యాయుడు: అలా రాయగలిగేది మాటనేర్పు ఉన్న పిల్లలే. ఇంట్లో చదువు చెప్పేవారు లేని బిడ్డ, అర్థమైనదాన్ని వాక్యంలో పెట్టలేక సున్నా తెచ్చుకుంటాడు. భుజాస్థిని, అంటే మోచేతికి పైనున్న ఎముకను, గుర్తించినవాడికి ఎవరు దిద్దినా అదే మార్కు వస్తుంది.

ఉపాధ్యాయిని: ఆ అన్యాయం జరిగే మాట నిజమే సార్. కానీ రాయలేని బిడ్డను చేసి చూపమనవచ్చు. మోచేయి బల్లపై ఆనించి, అరచేతిని పైకీ కిందికీ తిప్పుతూ, బొటనవేలి వైపు ఎముక రత్ని, చిటికెనవేలి వైపు ఎముక అరత్ని మీదుగా అడ్డం తిరగడాన్ని ముంజేతిని తడిమి చూపితే చాలదా? పెద్దవారి ఒంట్లో ఎముకలు 206 అని వల్లించడం కన్నా అది నయం. పుట్టిన బిడ్డకు దాదాపు 300 ఉంటాయనీ, ఎదిగేకొద్దీ కొన్ని అతుక్కుపోతాయనీ ఆ అంకె చెప్పదు.

ప్రధానోపాధ్యాయుడు: అది ఎదుగుదల సంగతి, కదలికది కాదు, 206ను ఊరికే నిందిస్తున్నారు. పైగా తరగతిలో ఒక్కొక్కరినీ పిలిచి చూడడానికి పీరియడ్లు ఎక్కడున్నాయి?

ఉపాధ్యాయిని: అంకెను వదిలేస్తాను సార్. చేసి చూపించడం పరీక్షనాడు కాదు, పాఠం జరిగే రోజుల్లోనే పూర్తిచేస్తాను. పేర్లకు సగం మార్కులు ఉంచి, మిగతా సగం కదలికకు ఇవ్వండి.

ప్రధానోపాధ్యాయుడు: ఇద్దరం విడివిడిగా దిద్ది, మార్కులు సరిపోలితేనే ఇస్తాను.

ఉపాధ్యాయిని: మంచిది. అయితే దేనికెంతో ముందే రాసుకుందాం: కండరం లాగుతుందన్నవారికి ఒక మార్కు, రెండో కండరం అప్పుడు సడలుతుందని కూడా చెప్పినవారికి రెండు.