ఇస్ఫహాన్ వెళ్తే పాత జామా మసీదును వదలకండి

ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నగరం గురించి మీరు ప్రచురించిన వ్యాసంలో నక్ష్-ఎ-జహాన్ అనే పెద్ద మైదానం పక్కనున్న నీలి పలకల మసీదుల దగ్గరే ఆగిపోయారు. అవి 17వ శతాబ్దపువి, చాలా అందమైనవి, కాదనను. కానీ పాత బజారు గుండా నడుచుకుంటూ వెళ్తే జామా మసీదు వస్తుంది. నన్ను కదిలించింది అదే.

అక్కడి ఉత్తర గుమ్మటం 1088లో కట్టింది. రంగు పలకల్లేవు, అంతా ఇటుకే. ఆ కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా పైకే చూశాను. చదరపు గది మీద గుండ్రటి గుమ్మటం నిలబడేలా నాలుగు మూలల్లోనూ చిన్న కమానులు కట్టారు. ఈ పద్ధతి ఇస్లాం రాకముందే, 3వ శతాబ్దంలో ఇరాన్‌లోనే ఉన్న ఫిరూజాబాద్‌లో ససానియన్ రాజు అర్దషీర్ కట్టించిన రాజభవనంలో ఉంది! ప్రాంగణానికి నాలుగు వైపులా ఉన్న ఎత్తయిన ఐవాన్లు (ఒక వైపు పూర్తిగా తెరిచి ఉండే కమాను మందిరాలు) కూడా ఇస్లాంకు ముందు పర్షియాను ఏలిన పార్థియన్, ససానియన్ వంశాల రాజమందిరాల నుంచి వచ్చినవే. అంటే ప్రాచీన పర్షియా కోసం దాని పాత రాజధాని పెర్సెపోలిస్ శిథిలాల దాకా వెళ్లక్కర్లేదు, నమాజు జరిగే చోటే అది కనిపిస్తుంది. 2012లో యునెస్కో ఈ మసీదును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వీలైతే దీని గురించి ఇంకో వ్యాసం రాయండి, దయచేసి.