ఊళ్ళో సాఫీగా పారే ఒకే ఒక్క కాల్వ

మారతహళ్లిలో పదిహేనేళ్ళుగా అద్దెకుంటూ, నీళ్ళ ట్యాంకర్ల వెనక ట్రాఫిక్‌లో నిలబడి నగర పరిపాలన గురించి తీవ్రంగా ఆలోచించిన మనిషిగా చెబుతున్నా. బెంగళూరులో పద్ధతిగా నడుస్తున్న మునిసిపాలిటీ ఒక్కటే ఉంది, అది ఒక ఫర్నిచర్ షాపు కింద బేస్‌మెంట్‌లో ఉంది. ఆరు లేన్లు, ఒక కౌంటరు, ఫ్యాను కింద ఒక పెద్దాయన. మాల్స్‌లో నీలం లైట్లు, డీజే గోలతో ఉండే రకం కాదు. బరువైన బంతి దొర్లించి, చివర నిలబెట్టిన పిన్నులనే పది చెక్క బుడ్లని పడగొట్టే ఆట ఆడుకునే పాత బౌలింగ్ ఆలీ, బోర్డులో సగం అక్షరాలు వెలగవు.

పోయిన శనివారం అనంతపురం నుంచి మా బావమరిది వస్తే తీసుకెళ్ళా. బౌలింగ్ అంటే క్రికెట్ నెట్స్ అనుకుని మెట్ల మీదే భుజం తిప్పుకుంటూ దిగాడు పాపం. కౌంటర్ దగ్గర పెద్దాయన మా చెప్పులు తీసుకుని, వెనకాల మడమ మీద సైజు నంబరున్న ఎరుపు, నీలం బూట్లు ఇచ్చాడు. ఇచ్చేముందు ఒక్కో బూటులోకీ దోమల మందు కొట్టినట్టు రెండుసార్లు స్ప్రే కొట్టాడు. ఆఫీసులో పక్కవాడి కప్పులో కాఫీ తాగని మనుషులం, ఇక్కడ ఎవరెవరో తొడిగి విడిచిన బూట్లలో నోరెత్తకుండా కాళ్ళు పెడతాం. "బావా, లోపల ఇంకా వెచ్చగా ఉంది" అన్నాడు మావాడు. సామాజిక సమానత్వం గురించి అంతకంటే సూటిగా ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఇప్పుడు అసలు విషయం, రోడ్డు, అంటే బంతి దొర్లే లేను. నిలబడే గీత దగ్గర్నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు, వెడల్పు సుమారు మూడున్నర అడుగులు. ఆ 60 అడుగుల్లో ఒక్క గుంత లేదు, ఒక్క తవ్వకం లేదు, కేబుల్ వేయడానికి నిన్న తవ్వి రేపు పూడుస్తామన్న రిబ్బన్ కూడా లేదు. పైగా రోడ్డుకి నూనె రాస్తారు! చెక్క పాడవకుండా, బంతి జారేలా. మా వీధిలోనూ రోడ్డు మీద నూనె ఉంటుంది కానీ అది ట్యాంకర్ నుంచి కారింది, దాని మీద జారేది మేమే.

రోడ్డుకి రెండు వైపులా కాల్వలు. నేనేసిన మొదటి నాలుగు బంతులూ అందులోకే వెళ్ళాయి కాబట్టి నేను క్షుణ్ణంగా పరిశీలించగలిగా. ప్లాస్టిక్ కవరు లేదు, కొబ్బరి చిప్ప లేదు, మీద కట్టిన దుకాణం లేదు. అందులో పడింది మధ్యలో ఎక్కడా ఆగకుండా చివరిదాకా పోతుంది, భూమి కింద నుంచి తిరిగి మన దగ్గరికే వస్తుంది. ఏ శాఖ దగ్గర ఏ ఫైలైనా ఇలా తిరిగొచ్చిందా?

చివర్లో ఉండే మెషీన్ అయితే నాకు కన్నీళ్ళు తెప్పించింది. ఒకప్పుడు పడిన పిన్నుల్ని కుర్రాళ్ళు చేత్తో నిలబెట్టేవారు. 1946లో అమెరికాలో ఆ పని చేసే ఆటోమేటిక్ యంత్రాన్ని ప్రదర్శించాక మెల్లగా వాళ్ళ అవసరం పోయింది. ఇక్కడున్నది అదే వంశానిది, చప్పుడు చూస్తే తాతగారే అనిపిస్తుంది. నిలబడ్డ పిన్నుల్ని జాగ్రత్తగా పైకెత్తుతుంది, పడ్డవాటిని ఊడ్చేస్తుంది, ఎత్తినవాటిని మళ్ళీ అదే చోట దించుతుంది. మా వీధికి జేసీబీ వచ్చినప్పుడు దీన్ని తిరగేసి చేస్తారు. నిలబడ్డవి పడతాయి, పడ్డవి నెలల తరబడి అక్కడే ఉంటాయి.

మధ్యలో మెషీన్ ఇరుక్కుంది, ఒప్పుకుంటా. ఒక పిన్ను అడ్డంగా పడి కదల్లేదు. పెద్దాయన లేచి, ఒక కర్ర పట్టుకుని వెనక్కి వెళ్ళాడు. ధన్ మని ఒక చప్పుడు. తిరిగొచ్చి మళ్ళీ ఫ్యాను కింద కూర్చున్నాడు. ఫిర్యాదు నంబరు లేదు, ఓటీపీ లేదు, 'మీ సమస్య పరిష్కరించబడింది' అని పరిష్కారం కాకముందే మెసేజ్ లేదు. నాలుగు నిమిషాలు.

ఆరు లేన్లు నడపడం వేరు, నగరం నడపడం వేరు అని మేధావులు అంటారని తెలుసు. ఆ లేన్ల మధ్య చెరువుల్లేవు, చెరువుల్లో అపార్ట్‌మెంట్లు లేవు, నిజమే. కానీ ఇక్కడ ఏ సమస్యకైనా ముందే ఒక పేరుంది. పిన్నులు దూరదూరంగా విడిపోయి నిలబడితే దాన్ని స్ప్లిట్ అంటారు, అందులో వెనక వరసలో రెండు మూలలా ఒక్కొక్కటి మిగిలితే మహామహులు కూడా తల పట్టుకుంటారు. 2025లో మా నగరపాలికని ఐదు ముక్కలు చేసినప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది. అంతకుమించి నేనేమీ అనను.

ఆట సంగతి తొందరగా చెప్పేస్తా. ఒక్క బంతికే పది పిన్నులూ పడితే స్ట్రైకు, వరసగా 12 స్ట్రైకులు కొడితే 300 వస్తుంది, నాకు 62 వచ్చింది. మావాడికి 97. వాడు బరువైన బంతి తీసుకుంటే మగతనం అనుకుని బొటనవేలు ఇరికించుకుని, ఐదు నిమిషాలు బంతితో సహా తిరిగాడు. పక్క లేన్‌లో కాల్వలకి కటకటాలు ఎత్తించుకుని ఆడుతున్న ఏడేళ్ళ పాపకి 104. ఆ కటకటాలు పెద్దవాళ్ళకి ఇవ్వరా అని అడిగితే పెద్దాయన నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

బూట్లు ఇచ్చి, చెప్పులు విడిపించుకుని పైకొస్తే వాన. మెట్ల దగ్గరే మోకాలి లోతు నీళ్ళు. రోడ్డు పక్క కాల్వ మీద బండ పైకి లేచింది, నీళ్ళు లోపలికి పోకుండా లోపల్నుంచి బయటికి వస్తున్నాయి. వాటితోపాటు గుండ్రటి బోండం ఒకటి పైకి తేలి, మెల్లగా తిరుగుతూ వచ్చి, సరిగ్గా మా కాళ్ళ దగ్గర ఆగింది.

"బంతి తిరిగొచ్చింది బావా" అన్నాడు మావాడు. వంగి చూశాడు. వేళ్ళకి మూడు చిల్లులు లేవు. స్ట్రాకి ఒకటే ఉంది.