ముప్పై రూపాయల కూర ఎవరి లెక్కలో ఉంది?

పార్శిల్ భోజన వ్యాపారం అనగానే చర్చంతా స్విగ్గీ, జొమాటోల చుట్టూనే తిరుగుతుంది. జొమాటో 2021లో, స్విగ్గీ 2024లో స్టాక్ మార్కెట్‌కెక్కాక వాటి త్రైమాసిక ఫలితాలే ఈ రంగం బాగోగులకు కొలమానమైపోయాయి. వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో మాత్రం చీకటి పడే వేళకు జనం గుమికూడేది కర్రీ పాయింట్ల ముందు, జొన్నరొట్టెల బండ్ల దగ్గర. అన్నం ఇంట్లో వండుకుని కూర, పప్పు, పచ్చిపులుసు బయట కొనుక్కునే ఈ పద్ధతి నయీంనగర్‌లో గదులు కిరాయికి తీసుకున్న విద్యార్థులకు, ఆలుమగలిద్దరూ కొలువులకు వెళ్లే ఇళ్లకు నిత్యావసరం.

యాప్‌లో అమ్మితే ఈ కూర గిట్టుబాటు కాదు. 30 రూపాయల వంకాయ కూరపై కమీషన్ 25 శాతం అనుకున్నా ఏడున్నర రూపాయలు పోతాయి; డెలివరీ చార్జీ, ప్లాట్‌ఫామ్ ఫీజు కలిస్తే కూర ఖరీదు కన్నా తెచ్చిచ్చిన ఖర్చే ఎక్కువవుతుంది. పైగా 2022 జనవరి 1 నుంచి యాప్‌లో అమ్ముడయ్యే హోటల్ భోజనంపై 5 శాతం జీఎస్టీని యాప్ సంస్థే కట్టాలి కనుక, ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటని దుకాణం నేరుగా అమ్మితే లేని పన్ను అక్కడ బిల్లులోకి వచ్చి చేరుతుంది. చిన్న మడిగెలో నడిచే వ్యాపారం యాప్‌కు దూరంగా ఉండటాన్ని వెనుకబాటుగా చూడటం సరికాదని నా అభిప్రాయం. అది తెలిసి వేసుకున్న లెక్క.

అయితే ఈ వ్యాపారం సుఖంగా ఉందనీ అనలేం. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై సున్నాగా ఉన్న ప్రాథమిక దిగుమతి సుంకాన్ని 20 శాతం చేసింది, 2025 మే నెలాఖరులో 10 శాతానికి తగ్గించింది. నూనె ఖర్చులో ఇలాంటి ఒడుదుడుకులు వచ్చినప్పుడు పెద్ద హోటల్ మెనూ కార్డులో ధర మారుస్తుంది. కర్రీ పాయింట్ యజమాని అలా చేయలేడు, ఎందుకంటే 30 రూపాయలు 35 అయితే రోజూ వచ్చే గిరాకీ పక్క వీధికి పోతుంది. కాబట్టి ధర కదలదు, గరిటె కదులుతుంది. కూరలో ఆలుగడ్డ ముక్కలు పెరుగుతాయి, పప్పు పలచబడుతుంది, కవరు మాత్రం గాలి నింపి దారం చుట్టడం వల్ల ఎప్పటిలాగే నిండుగా కనిపిస్తుంది.

ఆ కవరే మరో చిక్కు. 120 మైక్రాన్లకు తక్కువ మందం ఉన్న ప్లాస్టిక్ క్యారీబ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషిద్ధం. పొగలు కక్కే సాంబారును పలుచటి కవరులో పోయడం ఆరోగ్యానికీ మంచిది కాదు. కానీ మూత ఉన్న డబ్బా ఖర్చు ఇంత చిన్న కూరపై పడితే మిగిలేది ఏమీ ఉండదు. జరిమానాలతోనే ఇది మారుతుందని నగర పాలక సంస్థ అనుకుంటే పొరపాటే. ఇంటి నుంచి గిన్నె తెచ్చుకున్నవారికి ఒక గరిటె ఎక్కువ వేస్తామని దుకాణం ముందు బోర్డు పెడితే, కవరు డబ్బు మిగిలి యజమానికీ నష్టం తగ్గుతుంది, కొనేవారికీ కూర సరిపోతుంది.