కీబోర్డ్ పెట్టె తెరవని ఉగాది

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది వేడుక బాగానే జరిగింది. పచ్చడికి వేపపువ్వు ఈసారి అసలైనదే దొరికింది. పంచాంగ శ్రవణంలో ఆదాయ వ్యయాలు విని లేఆఫ్ భయంలో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. తర్వాత పిల్లల పాటలు మొదలయ్యాయి. తొమ్మిదేళ్ళ పాప ఒకతి అన్నమయ్య కీర్తన ఎత్తుకుంది. స్పీకర్లో ట్రాక్ వస్తోంది. పల్లవి రెండోసారి అందుకునేటప్పుడు పాప తడబడింది. ట్రాక్ ఆగుతుందా? అది చరణంలోకి వెళ్ళిపోయింది. స్టేజి పక్కన నిలబడి తల్లి చేత్తో తాళం వేస్తూ పెదాలు కదిపింది కానీ పాపకు అందలేదు. చప్పట్లు కొట్టాం, పాప ఏడుస్తూ దిగింది.

పన్నెండేళ్ళుగా ఇలా ఒక్కసారి కూడా జరగలేదు. కీబోర్డ్ దగ్గర కూర్చున్నాయన పల్లవి తోకను ఇంకోసారి వాయించి, పాపవైపు చూసి తల ఊపేవాడు. ఎక్కడ తప్పిపోయిన పిల్లయినా వచ్చి కలిసేది. శ్రుతి అందకపోతే ఒక బటన్ నొక్కి అర మెట్టు దించేవాడు. ఆ సంగతి తల్లిదండ్రులకు కూడా తెలిసేది కాదు.

ఆయన మొన్న హాల్లోనే ఉన్నాడు. చివరి వరుసలో, పులిహోర ప్లేటు ముందు పెట్టుకుని. పాప తడబడినప్పుడు నేను వెనక్కి తిరిగి చూశాను. ఆయన కుడిచేతి వేళ్ళు బల్లమీద కదులుతున్నాయి. ఆ నాలుగు స్వరాలే అయ్యుంటాయి. ప్రోగ్రాం అయ్యాక కుర్చీలు మడతపెట్టడానికి మిగిలిన ఆరుగురిలో ఆయనొకడు.

ఎవరి గురించి రాస్తున్నానో మీకందరికీ తెలుసు కాబట్టి పేరు రాయను. మన ఆర్కెస్ట్రా పుట్టింది మా బేస్‌మెంట్‌లో. గురువారం రాత్రి రిహార్సల్స్, మధ్యలో ఉప్మా, పదకొండింటికి పక్కింటివాళ్ళ ఫోను. మూడేళ్ళ క్రితం ఆయన జీవితం మరో దారి పట్టింది. ఎందుకు పట్టిందన్నది ఆయన చెప్పుకోవాల్సిన కథ. ఇప్పుడు తెలుగు క్రైస్తవ పాటలు కడుతున్నాడు, రాస్తున్నాడు, ఇంట్లోనే రికార్డు చేస్తున్నాడు. "నమస్తే అక్కా" అనే మనిషి "వందనాలక్కా" అంటున్నాడు. నిజం చెప్పాలంటే మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నాకూ ఏదో దూరమైనట్టు అనిపించింది. ఒక్క మాట మారినందుకు అంత ఇదిగా ఎందుకనిపించిందో ఇప్పటికీ అర్థం కాలేదు.

మనం ఉంటున్న రాష్ట్రం పేరునే పెట్టుకున్న బ్యాండ్ ఒకటుంది: కాన్సస్. నేనిక్కడికి వచ్చిన కొత్తలో, రోజూ టొపీకా నుంచి కారులో వచ్చే మా ఆఫీసు పెద్దాయన నాకు వాళ్ళ పాటలు వినిపించాడు. ఆ బ్యాండు పుట్టింది టొపీకాలోనే. వాళ్ళ గిటారిస్టు కెర్రీ లివ్‌గ్రెన్. వేళ్ళతో తీగ మీటడం సాధన చేసుకోవడానికి ఆయన కట్టుకున్న చిన్న వరుస విని, దీన్ని పాట చెయ్యమని భార్య అన్నదట. అదే 'డస్ట్ ఇన్ ద విండ్'. 1978లో అమెరికా పాటల పట్టికలో ఆరో స్థానం దాకా వెళ్ళింది. మనుషులం గాలిలో ధూళి రేణువులమే అనే ఆ పాటలో మన తత్వాల వాసన తగిలి, నేను దాన్ని చాలాసార్లు విన్నాను.

ఆ తర్వాతి సంవత్సరం లివ్‌గ్రెన్ క్రైస్తవుడయ్యాడు. బ్యాండు టూర్‌లో ఉంది. తమతోపాటు వాయిస్తున్న ఇంకో బ్యాండు గాయకుడితో రాత్రుళ్ళు వాదించీ వాదించీ, 1979 జూలైలో ఇండియానాపోలిస్ హోటల్ గదిలో తేల్చుకున్నాడు. 1980లో 'సీడ్స్ ఆఫ్ చేంజ్' అనే సొంత ఆల్బమ్ తెచ్చాడు. అందులో రెండు పాటలు పాడింది ఎవరనుకున్నారు? దెయ్యాల పాటలకు పేరుపడ్డ హెవీ మెటల్ బ్యాండు బ్లాక్ సబ్బాత్ గాయకుడు రానీ జేమ్స్ డియో! కొత్త భక్తుడి ఆల్బమ్‌కు అంతకంటే తగని పేరు ఆ రోజుల్లో దొరికేది కాదు. గొంతు కావాలి, ఆ గొంతు ఆయన దగ్గరుంది, అంతే.

అక్కడా గొడవలు లేకపోలేదు. లివ్‌గ్రెన్ రాస్తున్న మాటలతో పడక 1981లో గాయకుడు స్టీవ్ వాల్ష్ బ్యాండు వదిలేశాడు. వాల్ష్‌ది తప్పని నేననను. నమ్మని మాటను రోజూ వేలమంది ముందు పాడమంటే ఎవరికైనా కష్టమే. 1983 తిరిగేసరికి లివ్‌గ్రెన్ కూడా బయటికొచ్చి ఏడీ అనే క్రైస్తవ బ్యాండు పెట్టాడు. తన వెతుకులాట గురించి ఒక పుస్తకం కూడా రాశాడు. ఆయనతోపాటు వచ్చేసిన బేస్ గిటారిస్టు డేవ్ హోప్ తర్వాత ఆంగ్లికన్ ప్రీస్టే అయ్యాడు.

నాకు నచ్చింది ఆ తర్వాతి కథ. 2000లో కాన్సస్ బ్యాండు ఒక ఆల్బమ్ తెచ్చింది. పాటలన్నీ లివ్‌గ్రెన్ రాసినవే, రికార్డింగ్ జరిగింది ఆయన పొలం దగ్గరున్న స్టూడియోలో. పాడినవాళ్ళలో వాల్ష్ ఉన్నాడు. ఈయన మాటలు పాడలేనని వెళ్ళిపోయిన మనిషే, పంతొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ ఈయన మాటలే పాడాడు. 2009లో లివ్‌గ్రెన్‌కు పెద్ద స్ట్రోక్ వచ్చింది. మాట పడిపోయింది. మెల్లగా కోలుకుని, బైబిల్లో ఏసు లాజరును బతికించిన కథ మీద ఎప్పుడో మొదలుపెట్టిన కాంటాటాను (బృందంగా పాడే పెద్ద సంగీత రచన) పూర్తి చేశాడు.

మన గొడవలోనూ రెండు పక్షాలున్నాయి. కీబోర్డ్ అన్న (నాకంటే చిన్నవాడే, మా పిల్లలు పిలిచే పిలుపే నాకూ అలవాటైంది) కమిటీని ఒకటడిగాడు. "అన్నీ వాయిస్తానక్కా, జ్యోతి ప్రజ్వలన అప్పటి ప్రార్థనా గీతం ఒక్కటి ఇంకెవరితోనైనా కానిచ్చెయ్యండి" అన్నాడు. కొందరికి అది అవమానంగా తోచింది. పన్నెండేళ్ళు గణపతికి వాయించినవాడికి ఇవాళ గణపతి చేదయ్యాడా అన్నారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. మా అత్తగారికైతే ఇప్పటికీ మింగుడుపడలేదు. కానీ ఒక పాట వద్దన్నందుకు ముప్ఫై పాటలు తీసేసి ట్రాక్ పెట్టుకున్నాం చూడండి, ఆ లెక్కే నాకు అర్థం కాలేదు. ఆ మీటింగులో నేనూ ఉన్నాను. నోరు విప్పలేదు.

ఇంకోటి. పాత క్రైస్తవ కీర్తనల రాగాల గురించి ఆయన మన పత్రికకు వ్యాసం పంపితే, మతపరమైనవి మేం వేసుకోం అంటూ తిరిగొచ్చింది. అదే సంచికలో కార్తీక మాస మహాత్మ్యం నాలుగు పేజీలు వేశాం. (సంపాదకులు ఈ వాక్యం ఉంచితే సంతోషం.) ఆ వ్యాసం నేను చదివాను. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గురించి రాశాడు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రైస్తవం తీసుకుని, మన రాగాల్లో మన తాళాల్లో ఏసుమీద కీర్తనలు కట్టినాయన. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ఇవాళ్టికీ పాట నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. ఏసు కథను పద్యాల్లో చెప్పిన జాషువా 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మరి మన సంఘం పేరులో ఉన్నది తెలుగు అన్న మాటే కదా.

మా నరసరావుపేటలో ఇలాంటివేవీ ఉండేవి కావని ఇక్కడి పిల్లలకు చెప్తుంటాను. క్రిస్మస్‌కు ఎదురింటి టీచరమ్మ అరిసెలూ కేకూ పంపేది, సంక్రాంతికి మా అమ్మ చక్రాలు పంపేది, అంతా ఒక కుటుంబంలా ఉండేవాళ్ళమని. అదంతా నిజమే. కానీ పిల్లలకు చెప్పనిది ఒకటుంది. టీచరమ్మ పంపిన పళ్ళెం అమ్మ నవ్వుతూ అందుకునేది, ఆమె గుమ్మం దాటగానే అరిసెలు పనిమనిషి కొంగులో పోసేది. ఒకసారి నేనో అరిసె దొంగతనంగా తిన్నాను. మా ఇంట్లో చేసేవాటికంటే మెత్తగా, నువ్వులు ఎక్కువేసి, ఎంతో బాగుంది. పళ్ళెం మాత్రం తోమి, ఒట్టిగా పంపకూడదని అందులో కాస్త పంచదార వేసి తిరిగిచ్చేది అమ్మ. ఆవిడ మంచి మనిషి. ఈ రెండూ ఒకే మనిషి చేసేది.

పోయిన వారం ఆయనకు ఫోను చేశాను. అలిగినట్టు మాట్లాడతాడనుకున్నాను. "ఆ పాప శ్రుతి ఎఫ్ అక్కా, ట్రాక్ జీలో పెట్టారు, అందుకే పైకి పోలేకపోయింది" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

దీపావళి ప్రోగ్రాం లిస్టు ఆగస్టులో తయారవుతుంది. కమిటీవాళ్ళను అడిగేది ఇంతే. ప్రార్థనా గీతానికి కీబోర్డ్ వద్దు, తంబూర యాప్ పెట్టుకుని నేనే పాడతాను, అపస్వరం పలికితే నన్నే తిట్టండి. రెండో పాట నుంచి ఆయన్ని కూర్చోనివ్వండి. రిహార్సల్స్ మా బేస్‌మెంట్‌లోనే, గురువారం రాత్రి ఎనిమిదింటికి. ఉప్మా చేస్తాను.