ముందుచూపు లేని ముందు చక్రం

పదకొండేళ్లుగా నన్ను మోస్తున్న సైకిలు మీద నాకు ఉన్నట్టుండి జాలి పుట్టిందని చెబితే అది అబద్ధమవుతుంది. జాలి పుట్టింది నా మోకాళ్ల మీద. తాపీగా తొక్కే మామూలు మనిషి కాళ్లు 75 నుంచి 100 వాట్ల శక్తిని మాత్రమే ఇస్తాయని, 250 వాట్ల మోటారు ఒకటి చక్రంలో కూర్చుంటే నాలాంటివాళ్లు మరో ఇద్దరు ముగ్గురు కనబడకుండా నాతోపాటు తొక్కుతున్నట్టేనని తెలిసిన నాటి నుంచి నాకు నిద్ర పట్టలేదు. "ఆ ఇద్దరు ముగ్గురూ కూడా మీలాంటివాళ్లే అయితే ఏం లాభమండీ?" అని మా ఆవిడ అడిగింది. ఇది నిన్న మొన్నటి వింత కాదని, ఓగ్డెన్ బోల్టన్ అనే అమెరికా ఆయన వెనుక చక్రంలో మోటారు పెట్టి, గొట్టాల నడుమ 10 వోల్టుల బ్యాటరీ వేలాడదీసి 1895 డిసెంబరు 31న పేటెంటు కూడా పొందాడని నేను వివరించాను. "ఆయనకు పానా పట్టుకోవడం వచ్చి ఉంటుంది" అంటూ ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

మామూలు సైకిలుకు మోటారు బిగించుకునే కిట్టు తెప్పించాను. మోటారు బిగించిన ముందు చక్రం, మోటారుకు కరెంటును అదుపుచేసి పంపే కంట్రోలర్, 36 వోల్టుల బ్యాటరీ, మోటారును నడిపించడానికి బొటనవేలితో నొక్కే త్రాటిల్, వైర్లు వేలాడుతున్న రెండు బ్రేకు పిడులు, బెజ్జం ఉన్న ఒక ఇనుప పట్టీ, నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం అందులో ఉన్నాయి. కాగితంలో బొమ్మలు ఉన్నాయి గనుక అక్షరాల జోలికి పోలేదు. నా సైకిలుకు ఉన్న బ్రేకు పిడులు భేషుగ్గా పనిచేస్తున్నప్పుడు కొత్తవి ఎందుకని వాటిని పెట్టెలోనే ఉంచేశాను. ఇనుప పట్టీ దేనికో అంతు పట్టలేదు. అదనంగా వేసి ఉంటారనుకుని, చాలాకాలంగా ఒక కాలు పొట్టిదై ఊగుతున్న బల్ల కింద దానిని ఎత్తు పెట్టాను. బల్ల ఊగడం మానేసింది. ఆ రోజు మొత్తం మీద నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

సైకిలును బోర్లించి, సీటు కింద ఒక తలగడ, హ్యాండిల్ కింద ఒక తలగడ వేసి పని మొదలుపెట్టాను. మామూలు ఇరుసు పట్టే గాడిలో మోటారు ఇరుసు పట్టదు. అది లావుగా ఉండి, రెండు వైపులా చదునుగా చెక్కి ఉంటుంది. ఆ చదును గాడిలో బిగుసుకుని ఇరుసు కదలకుండా ఉంటేనే చుట్టూ ఉన్న చక్రం తిరుగుతుంది. ఆకురాయి పట్టుకుని గంటన్నర సేపు, ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే ఫోర్కు గాడిని గీకగా ఇరుసు లోపలికి దూరింది. నిజానికి కాస్త సులువుగానే దూరింది. గీకే పనిలో ఎక్కడ ఆపాలో తెలియడమే పనితనమని, ఆపలేకపోయిన ప్రతివాడికీ తరువాత తెలుస్తుంది.

వైర్ల పని తేలికగానే ముగిసింది. మూడు లావు వైర్లు మోటారుకు కరెంటు ఇచ్చేవి, ఐదు సన్నవి చక్రం ఏ స్థితిలో ఉన్నదో కంట్రోలర్‌కు చెప్పేవి. రంగుకు రంగు జత చేశాను. బ్యాటరీ తగిలించగానే కనెక్టరు దగ్గర ఠప్పుమని నిప్పురవ్వ లేచింది. కంట్రోలర్‌లో కరెంటును నిల్వ చేసుకునే కెపాసిటర్లు ఒక్క గుక్కలో కరెంటు తాగడం వల్ల అలా జరుగుతుందట. అది తరువాత తెలుసుకున్న సంగతి. అప్పటికి మాత్రం నేను గది అవతలి గోడకు ఆనుకుని ఉన్నాను.

ఇక మిగిలింది రెండు తెల్ల వైర్లు. వాటిని కలిపితే కంట్రోలర్ మోటారును తనంతట తాను తిప్పి చూసుకుని, తిరగవలసిన దిశను నేర్చుకుంటుంది. దిశ తప్పయితే విడదీసి మళ్లీ కలపాలి, అప్పుడు రెండో వైపుకు తిరుగుతుంది. కలిపాను. గాలిలో ఉన్న చక్రం పై అంచు సీటు వైపుకు పరుగెత్తింది. బండి ముందుకు పోవాలంటే చక్రం పైభాగం ముందుకు కదలాలన్న జ్ఞానం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. అందుచేత విడదీసి మళ్లీ కలిపి, పై అంచు నేను కోరిన వైపుకు తిరిగేదాకా చూసి, తృప్తిగా వైర్లు విప్పేశాను. పక్కనే నిలబడి చూస్తున్న మా అమ్మాయి, "నాన్నా, సైకిలు బోర్లా ఉంది కదా, నేలను తాకే వైపు ఇప్పుడు పైన ఉంది కదా?" అంది. పెద్దవాళ్లు పని చేసేటప్పుడు మాట్లాడకూడదని చెప్పాను. పాపం, ఆ కంట్రోలర్ మొదటిసారే సరిగ్గా తిప్పింది. నేనే దానిని కూర్చోబెట్టి తప్పు నేర్పించాను, అది శ్రద్ధగా నేర్చుకుంది.

ఆరంభోత్సవానికి ఇంటిల్లిపాదీ వాకిట్లో, తెలివిగా నాకు రెండు పక్కలా నిలబడ్డారు. నా వెనుక ఆరేసిన దుప్పట్లు, వాటి వెనుక పూలకుండీలు మాత్రమే ఉన్నాయి. పెడల్ మీద ఒక కాలు వేసి, ముందున్న దారిని విజేతలా ఒకసారి చూసి, త్రాటిల్ నొక్కాను. దారి నాకు దూరంగా జరిగిపోవడం మొదలుపెట్టింది. వెనుకకు దొర్లే సైకిలులో వెనుక చక్రం చైనును లాగి పెడళ్లను కూడా వెనుకకు తిప్పుతుందని నా పిక్కకు తగిలిన రెండో దెబ్బతో బోధపడింది. భయపడిన మనిషి చేతికి దొరికినదానిని గట్టిగా పట్టుకుంటాడు, నా బొటనవేలికి దొరికింది త్రాటిల్. దుప్పటి ముఖానికి చుట్టుకున్నాక రెండు బ్రేకులూ బలంగా పట్టేశాను. కొత్త పిడులకు వేలాడిన ఆ వైర్లు, బ్రేకు పట్టగానే మోటారుకు కరెంటు ఆపేయడానికట. అవి పెట్టెలో ఉన్నాయి గనుక మోటారు ఆగలేదు. బ్రేకు పట్టిన చక్రాన్ని తిప్పలేక, నేను ఉదారంగా గీకిన గాడిలో తన ఇరుసునే గిర్రున తిప్పుకుని, ఎనిమిది వైర్లనూ తాడులా పేనుకుని తెంపేసుకుంది. ఇరుసు అలా తిరగకుండా ఫోర్కుకు కట్టిపడేయడానికి ఇచ్చిందే ఆ ఇనుప పట్టీ. సైకిలు ఆగింది, నేను మాత్రం పూలకుండీల దాకా వెళ్లాను.

మోటారు వైండింగు చేసే మిత్రుడు చక్రం మూత విప్పి, ఎనిమిది వైర్లనూ కొత్తవి వేసి టంకం పెట్టాడు. నా చేతిపని చూసి ఫోర్కునే మార్చేశాడు. పని జరుగుతున్నంతసేపూ నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. అడిగి ఉంటే అంత బాధ ఉండేది కాదు. ఈసారి కొత్త బ్రేకు పిడులు హ్యాండిల్‌కు ఎక్కాయి, ఇనుప పట్టీ ఇరుసుకు చేరింది, సైకిలును స్టాండు మీద నిటారుగా నిలబెట్టి, చక్రం నేలకు తగలకుండా ఎత్తి, తెల్ల వైర్లను మా అమ్మాయి చేత కలిపించాను. ఇప్పుడది చక్కగా, చప్పుడు లేకుండా ముందుకే పోతున్నది. బల్ల మళ్లీ ఊగుతున్నది. నేను సైకిలు ఎక్కినప్పుడల్లా ఇంట్లోవాళ్లు నా ముందు నుంచి కాక నా వెనుక నుంచి పక్కకు తప్పుకుంటున్నారు.