కొన్నే మెట్లు

"కొన్నే మెట్లండీ" అన్నాడా పెద్దమనిషి, చిరునవ్వు చెదరకుండా. లండన్‌లో ట్యూబ్, అంటే అక్కడి భూగర్భ రైలు, స్టేషన్ ఒకదానిలో ఉద్యోగి ఆయన. ఏ స్టేషనో చెప్పను. మనిషి మర్యాదస్తుడు, పైగా ఆ మెట్లు ఆయన కట్టించినవి కావు. నా చేతిలో స్ట్రోలర్, స్ట్రోలర్‌లో రెండున్నరేళ్ల మా అమ్మాయి, అమ్మాయి చేతిలో ఒక బూటు. రెండో బూటు అంతకు ముందు దిగిన స్టేషన్లో ఉండిపోయింది.

అప్పట్నుంచి నేను 'కొన్ని' అనే మాట మీద పరిశోధన చేస్తున్నాను. కొన్ని అంటే ఎన్ని? స్ట్రోలర్ లేనివాడికి ఇరవై ఎనిమిది మెట్లూ కొన్నే. ఉన్నవాడికి మూడు కూడా చాలానే. ఈ విషయంలో కొవెంట్ గార్డెన్ స్టేషన్ బోర్డంటే నాకు ఎంతో గౌరవం. అత్యవసర మెట్లు 193, పదిహేను అంతస్తులతో సమానం అని మొహం మీదే చెప్పేస్తుంది. మోసం లేదు, మొహమాటం లేదు.

అయితే మ్యాప్ చూసుకోవాలి కదా అంటారు. చూశాం. ట్యూబ్‌కి 272 స్టేషన్లు. మెట్లెక్కకుండా వెళ్లగలిగేవి అందులో మూడో వంతు. వాటి పక్కన చక్రాల కుర్చీ బొమ్మ ఉంటుంది, మళ్లీ అందులో రెండు కులాలు. నీలం వృత్తంలో తెల్ల కుర్చీ ఉంటే వీధి నుంచి రైల్లోకి మెట్టు లేకుండా వెళ్లొచ్చు. తెల్ల వృత్తంలో నీలం కుర్చీ ఉంటే వీధి నుంచి ప్లాట్‌ఫాం దాకా మాత్రమే. అంటే మిమ్మల్ని సకల మర్యాదలతో కిందికి తీసుకెళ్లి, రైలును చూపిస్తారు. ఎక్కడం సంగతి మీకూ రైలుకూ మధ్య ఉన్న వ్యవహారం. ఈ రెండో రకం బొమ్మను కనిపెట్టిన మేధావి ఎక్కడున్నాడో తెలిస్తే ఒక శాలువా కప్పి వద్దును.

అన్నట్టు, పదకొండేళ్ల లోపు పిల్లలకు పెద్దవాళ్లు వెంట ఉంటే ట్యూబ్‌లో టికెట్ లేదు. బాకీ నడుములతో చెల్లించాలి.

సరే, ఆ 'కొన్నే మెట్ల' దగ్గరికి వద్దాం. సాయంత్రం అయిదున్నర. మా ఆవిడ ఒక చివర, నేను ఒక చివర స్ట్రోలర్ పట్టుకోబోయేసరికి అమ్మాయి బెల్టు తీయించుకుని కిందికి దిగింది. "నేనే" అంది. రెండున్నరేళ్ల వాళ్ల నోట్లో ఈ మాట పుట్టాక ఇక అప్పీలు ఉండదు. మొదటి మెట్టు ఎక్కి "ఒకటి" అంది. రెండోది ఎక్కి "రెండు" అంది. మూడు. తర్వాత ఏడు. ఏడు దగ్గర తనకే ఏదో అనుమానం వచ్చింది. గౌరవనీయమైన ఆడిటర్‌లా వెనక్కి దిగి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

వెనక లండన్ మహానగరం ఆగిపోయింది. ఎవరూ అరవలేదు. ఆ ఊళ్లో అరవరు, "సారీ" అంటారు. మొదటి సారీకి "కొంచెం తప్పుకుంటారా" అని అర్థం. రెండో సారీకి "తప్పుకోండి" అని. మూడోది పళ్ల మధ్య నుంచి వస్తుంది, దాని అర్థం పత్రికలో రాయకూడదు. అమ్మాయి నాలుగో మెట్టు మీద కూర్చుని, ఎవరో ఉమ్మేసిన చూయింగ్ గమ్‌ను పరీక్షిస్తోంది. "ఏమండీ, ఎత్తుకోండి" అంది మా ఆవిడ. ఎత్తబోయాను. పిల్ల ఒంట్లోని ఎముకలన్నీ ఎక్కడో దాచేసి తడిగుడ్డలా చేతుల్లోంచి జారిపోయింది. తర్వాత వచ్చిన కేక ప్లాట్‌ఫాం దాకా వినిపించి ఉండాలి.

అప్పుడు సూటు వేసుకున్న ఒకాయన, ఒక్క మాట మాట్లాడకుండా, నా మొహం కూడా చూడకుండా, స్ట్రోలర్ ముందు చక్రాలు పట్టుకుని పైదాకా ఎత్తి, అక్కడ పెట్టి, మాయమైపోయాడు. థ్యాంక్స్ చెప్పే వ్యవధి కూడా ఇవ్వలేదు. ఆ నగరంలో పనిచేసే లిఫ్టు ఆయనే. జీతం లేదు, మెయింటెనెన్స్ లేదు, 'మరమ్మతులో ఉంది' అనే బోర్డు కూడా అక్కర్లేదు.

అమ్మాయి మాత్రం పైకి చేరి, వెనక్కి తిరిగి, ఆ మెట్లన్నీ ఒకసారి తృప్తిగా చూసి, "మళ్లీ" అంది.

మిగతా యాత్రా విశేషాలు ఎక్కువ లేవు. నేచురల్ హిస్టరీ మ్యూజియంలో 25 మీటర్ల నీలి తిమింగలం అస్థిపంజరం నెత్తి మీద వేలాడుతుంటే, మా పిల్ల నేలలోని ఇనప జాలీలో వేలు పెట్టి అరగంట కూర్చుంది. ట్రఫాల్గర్ స్క్వేర్లో పావురాలకు గింజలు వేయడం 2003లో నిషేధించారట, తరమడాన్ని నిషేధించలేదు. తరిమింది. మొత్తం లండన్‌లో తనకు అన్నిటికన్నా నచ్చింది హోటల్ లిఫ్టులోని బటన్లు. నగరం మొత్తంలో ఎక్కడ కొరత ఉందో సరిగ్గా దాని మీదే మనసు పడింది.

"పాతకాలపు కట్టడం కదండీ" అనే సమర్థన ఒకటి ఉంది. నిజమే, ట్యూబ్ మొదలైంది 1863లో, ఆవిరి ఇంజన్లతో. అప్పట్లో స్ట్రోలర్ల గురించి ఎవరాలోచిస్తారు? కానీ అదే ఊరి కింద, అవే పాత సొరంగాల పక్కనుంచీ కిందనుంచీ కొత్తవి తవ్వి 2022లో ఎలిజబెత్ లైన్ తెరిచారు. దాని స్టేషన్లన్నిటికీ మెట్లు ఎక్కకుండానే వెళ్లొచ్చు. అంటే చేతకాక కాదు. ఎస్కలేటర్ల దగ్గర కుక్కలను ఎత్తుకుని వెళ్లాలని బోర్డులు పెట్టినవాళ్లకు మనుషులు గుర్తురాలేదంటే నేను నమ్మను.

పోనీ బస్సెక్కుదామంటే, అందులో చక్రాల కుర్చీకి ఒక చోటు ఉంటుంది. కుర్చీ రాకపోతే స్ట్రోలర్ పెట్టుకోవచ్చు, వస్తే తీసేయాలి. న్యాయమే. 2012లో ఇంగ్లండ్‌లో ఇంకో ఊరి బస్సులో ఒక తల్లి, తన బండి మడవడం కుదరదంది. అందులో బిడ్డ నిద్రపోతోంది. చక్రాల కుర్చీలో వచ్చినాయన బస్సెక్కలేకపోయాడు. ఆ తగువు ఐదేళ్లు నడిచి బ్రిటన్ సుప్రీంకోర్టుకు చేరింది. ఏడుగురు న్యాయమూర్తులు కూర్చుని 2017లో తీర్పు చెప్పారు. జరగమని డ్రైవర్ ఒకసారి అడిగి ఊరుకుంటే చాలదట, ఇంకాస్త గట్టిగా ప్రయత్నించాలట!

ఏడుగురు. ఐదేళ్లు. ఇంకో చోటు ఎందుకు లేదని మాత్రం బస్సు కొన్నవాడిని నిలబెట్టి అడిగిన పాపాన ఎవరూ పోలేదు. నడవలేని మనిషినీ నిద్రపోయే బిడ్డనూ ఒకే జానెడు జాగా కోసం కొట్టుకోమని వదిలేసి, పైనుంచి దానికి ప్రాధాన్యం, మర్యాద అని పేర్లు పెట్టడం ఎంత సిగ్గుమాలిన పని! మా అమ్మాయి వచ్చే ఏడాదికి ఆ మెట్లు పరిగెత్తి ఎక్కేస్తుంది, నేను ఈ నడుంనొప్పిని జోకులుగా చెప్పుకుంటాను. ఆ కుర్చీలో మనిషి వచ్చే ఏడాదీ కిందే ఉంటాడు. ఆయనతో కూడా అదే చిరునవ్వుతో "కొన్నే మెట్లండీ" అంటారా?

చివరి రోజు ఎక్కడికీ వెళ్లలేదు. హోటల్ లిఫ్టులో ముప్పావుగంట తిరిగాం. అమ్మాయి అన్ని బటన్లూ నొక్కింది. ప్రతి అంతస్తులోనూ తలుపు తెరుచుకుంది, ఎవరో ఒకరు ఎక్కుతూ "సారీ" అన్నారు. నేనూ పళ్ల మధ్య నుంచే "సారీ" అన్నాను.